గుండె ఆపరేషన్ తర్వాత తెల్ల రక్తకణాలు ఎందుకు పెరుగుతాయ్? ఇంటికొచ్చాక జ్వరమొస్తే లైట్ తీసుకోవద్దు!

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి గుండె ఆపరేషన్ కోసం చాలామంది హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్దాసుపత్రులకు వెళ్తుంటారు. ఆపరేషన్ సక్సెస్ అని డాక్టర్లు చెప్పేస్తారు. కానీ మర్నాడు సీబీపీ రిపోర్ట్ చూడగానే ఇంట్లోవాళ్లకు గుబులు మొదలవుతుంది. తెల్ల రక్తకణాలు 14 వేలు! ఇన్‌ఫెక్షన్ వచ్చిందా? ప్రతిసారీ అలా కాదు. అసలేం జరుగుతుందో చూద్దాం.

ఎందుకు పెరుగుతాయ్?

మామూలుగా పెద్దవాళ్లలో క్యూబిక్ మిల్లీమీటర్ రక్తానికి 4 వేల నుంచి 11 వేల వరకు తెల్ల రక్తకణాలుంటాయి. ఒంటిమీద దాడి జరిగితే ముందు ఎదురెళ్లే సైన్యం ఇదే. ఛాతీ కోయడమే ఒంటికి పెద్ద గాయం. పైగా చాలా ఆపరేషన్లలో గుండెను కాసేపు ఆపి, రక్తాన్ని హార్ట్ లంగ్ మెషిన్ గుండా తిప్పుతారు. 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ అనే సర్జన్ ఈ మెషిన్‌తో తొలిసారి విజయవంతంగా ఆపరేషన్ చేశారు. ఆ ప్లాస్టిక్ గొట్టాలు తగలగానే రక్తం వాటిని పరాయి వస్తువుగా చూస్తుంది. దాంతో న్యూట్రోఫిల్స్ అనే కణాలు ఒక్కసారిగా పెరుగుతాయి. మొదటి రెండు మూడు రోజులు ఇది మామూలే. తర్వాత మెల్లగా తగ్గుతుంది. తగ్గిన కౌంట్ మళ్లీ పెరిగితే మాత్రం డాక్టర్లు ఇన్‌ఫెక్షన్ కోసం వెతుకుతారు.

అసలు చిక్కు ఇక్కడే!

మొత్తం కౌంట్ పెరిగినా, అందులో లింఫోసైట్స్ అనే కణాలు తగ్గిపోతాయి. వైరస్‌లను గుర్తుపట్టి పోరాడేది ఇవే. ఇవి కోలుకోవడానికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ టైం పడుతుంది. అంటే రిపోర్ట్‌లో నంబర్ పెద్దగా ఉన్నా ఒంట్లో రక్షణ కొంత బలహీనంగానే ఉంటుంది. పేషెంట్‌ను చూసి పోదామని ఊరంతా మంచం చుట్టూ చేరడం అందుకే మంచిది కాదు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు ఫోన్‌లోనే పలకరిస్తే మేలు. షుగర్ ఉన్నవాళ్లు దాన్ని కంట్రోల్‌లో పెట్టుకోవాలి. లేకుంటే గాయం మానడం లేటవుతుంది.

వానాకాలంలో మరింత జాగ్రత్త

ఆదిలాబాద్ ఏజెన్సీలో వానలు పడితే మలేరియా, డెంగీ మామూలే. డెంగీలో తెల్ల రక్తకణాలు పెరగవు, తగ్గుతాయి. ప్లేట్‌లెట్లూ పడిపోతాయి. బైపాస్ లేదా వాల్వ్ ఆపరేషన్ అయినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతుంటారు కాబట్టి బ్లీడింగ్ ముప్పు ఎక్కువ. అలాగని మాత్రలు సొంతంగా ఆపేయొద్దు. వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము, ఛాతీ ఎముక కదులుతున్నట్టు అనిపించడం, ఆయాసం. ఇలాంటప్పుడు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించుకుని ఊరుకోవద్దు. ముఖ్యంగా వాల్వ్ మార్చినవాళ్లకు ముందు రక్తం కల్చర్ టెస్ట్‌కు తీయాలి. మందు ముందే పడితే ఏ క్రిమి ఉందో దొరక్కపోవచ్చు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. దూరమైతే కరీంనగర్ ప్రభుత్వాసుపత్రికో, ఆదిలాబాద్ రిమ్స్‌కో వెళ్లండి. డిశ్చార్జ్ కాగితం, పాత సీబీపీ రిపోర్టులు వెంట తీసుకెళ్లడం మర్చిపోవద్దు. పాత నంబర్ పక్కన పెట్టి చూస్తేనే కొత్త నంబర్ ఏం చెబుతోందో డాక్టర్‌కు తెలుస్తుంది.