కీళ్ల మార్పిడి – గుండె జాగ్రత్త

మోకాలి లేదా తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ తర్వాత కొందరికి గుండె కండరం దెబ్బతింటుంది. రక్తం పోవడం, బి.పి. పడిపోవడం, గుండె వేగంగా కొట్టుకోవడం వల్ల గుండెకు చాలినంత ప్రాణవాయువు అందదు. ఇది ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే జరుగుతుంది. నొప్పి తెలియకుండా మందులు ఇస్తారు కనుక చాలామందికి ఛాతీలో నొప్పి తెలియదు. ట్రోపోనిన్ అనే రక్తపరీక్షతో దీనిని కనుగొనవచ్చు.

65 ఏళ్లు దాటినవారు, షుగరు, బి.పి., గుండెజబ్బు, కిడ్నీజబ్బు ఉన్నవారు ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. వాడుతున్న మందులన్నీ చూపించాలి. ఏ మందూ సొంతంగా మానకూడదు.

ఆపరేషన్ తర్వాత ఆయాసం, చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం కనిపిస్తే నీరసమేలే అని ఊరుకోకండి. రోగి గానీ, తోడున్నవారు గానీ వెంటనే నర్సుకు చెప్పాలి. త్వరగా గుర్తిస్తే చికిత్స చేయవచ్చు.