పాత లాప్‌టాప్ ఎందుకు సతాయిస్తుంది?

"అన్నయ్య వాడిన లాప్‌టాప్ నాకిచ్చారు. ఆన్ చేసి చాయ్ తాగి వచ్చినా తెరుచుకోదు. కొత్తది కొనాలా? రూమ్‌లో సినిమాలు చూడ్డానికి టీవీ కూడా కావాలి మరి!"

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. బయటి ఊళ్ల పిల్లలు అక్కడ రూములు తీసుకుని చదువుకుంటున్నారు. వాళ్లలో ఎవరైనా అడగగల ప్రశ్నే ఇది. డబ్బు కొంచెం, కోరికలు రెండు. ముందు లాప్‌టాప్ సంగతి చూద్దాం.

పాత లాప్‌టాప్‌లో సాధారణంగా హార్డ్ డిస్క్ ఉంటుంది. లోపల ఒక పళ్లెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు సెకనులో దాదాపు 90వ వంతు పడుతుంది. అదేం తక్కువ వేగం కాదే అనిపిస్తుంది. కానీ విండోస్ తెరుచుకోవాలంటే వేలాది చిన్న ఫైళ్లు కావాలి, అవి పళ్లెం మీద తలో చోట ఉంటాయి. చదివే ముల్లు ఒక్కోదాని దగ్గరికి జరగాలి, ఆ చోటు తిరిగి కిందికి వచ్చేదాకా ఆగాలి. ఇలా సెకనుకు వంద ముక్కలు ఏరడం కూడా కష్టమే. హార్డ్ డిస్క్ బదులు వేసే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అన్నీ చిప్పులే. అదే సెకనులో వేల ముక్కలు అందిస్తుంది.

మరి ర్యామ్ ఎందుకు? డిస్క్ అటక అయితే ర్యామ్ వంటగట్టు. కావలసినవి గట్టు మీదికి దించుకుంటేనే పని సాగుతుంది. గట్టు 4 జీబీయే ఉండి, బ్రౌజర్, పీడీఎఫ్‌లు, వీడియో పాఠం అన్నీ తెరిస్తే చోటు చాలదు. అప్పుడు కొన్నిటిని మళ్లీ అటకెక్కించి, అవసరమైనప్పుడు దించాలి. హార్డ్ డిస్క్ ఊపిరి సలపకుండా తిరిగేది అందుకే.

ఏది తక్కువైందో లాప్‌టాపే చెబుతుంది. టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ 100 శాతం దగ్గరే ఉండిపోతే ముందు ఎస్‌ఎస్‌డీ, మెమరీ కూడా 90 దాటితే దానితోపాటు ర్యామ్ 8 జీబీకి పెంచడం. డీడీఆర్3 ఉన్నచోట డీడీఆర్4 పట్టదు, గాడి వేరే చోట ఉంటుంది. కొన్ని పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చలేం. డబ్బు కట్టేముందే అడగండి.

ఆన్ చేసినప్పుడు బాగానే ఉండి, అరగంటకు అడుగు కాలిపోతూ నెమ్మదిస్తే అది వేరే జబ్బు. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటే వేడి బయటికి పోదు, ప్రాసెసర్ తనను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన రూమ్ ఉన్నవాళ్లు ఇది ముందు చూపించుకోవాలి. దీనికి కొత్త పార్టు అక్కర్లేదు, శుభ్రం చేయిస్తే చాలు.

ఒక మెలిక ఉంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ 8వ తరానికి ముందటి ప్రాసెసర్లలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. అలాంటి దానిమీద ఎక్కువ పెట్టకండి. ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ బదులు ఉబుంటు ఎక్కించుకుంటే చదువుకు సరిపోతుంది.

ఇక టీవీ. చవక 32 అంగుళాల టీవీల్లో చాలావాటికి చుక్కలు పది లక్షలకు కాస్త ఎక్కువ (1366×768). లాప్‌టాప్‌కు తగిలించుకునే ఫుల్ హెచ్‌డీ మానిటర్ చిన్నదైనా దానికి 20 లక్షల పైనే (1920×1080). దగ్గర కూర్చుని అక్షరాలు చదివేటప్పుడు ఆ తేడా కళ్లకు తెలుస్తుంది. రాత్రి సినిమాకూ, పగలు అనాటమీ బొమ్మలకూ, టీ-శాట్ పాఠాలకూ ఒక్క మానిటరే చాలు. నా ఓటు దానికే. స్పీకర్లు ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి.

ఎస్‌ఎస్‌డీ వేయించేముందు నోట్సు, ఫొటోలు వేరేచోట దాచుకోండి. పాత హార్డ్ డిస్క్ షాపులో వదిలేయొద్దు, బాగుంటే యూఎస్‌బీ కేసులో పెట్టించుకోండి. రెండున్నర గంటల 2 జీబీ సినిమాకు సెకనుకు పావు ఎంబీ చాలు, అదీ వరసగా. ఆ పని ముసలి డిస్క్ హాయిగా చేస్తుంది.