వెనక నుంచి వచ్చే వరద

2021 ఆగస్టు 14న కంచికచర్ల మండలం చెవిటికల్లు దగ్గర కృష్ణా నదిలో వందకు పైగా ఇసుక లారీలు చిక్కుకుపోయాయి. చుట్టూ నీళ్లు, మధ్యలో బారులు తీరి ఆగిపోయిన లారీలు. ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. లారీల్లో వచ్చినవాళ్లను పడవల మీద ఒడ్డుకు చేర్చారు. రోజూ ఏట్లోకి దిగి పైకొచ్చే మనుషులు అంతమంది ఒకేసారి ఎలా ఇరుక్కున్నారు? లారీలు నిలిపిన ఇసుక మేట ముందు మునగలేదు. ఒడ్డు నుంచి మేట దాకా వేసుకున్న బాట ముందు దెబ్బతింది.

నదిలో రాత్రి గడపాలనుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు గ్రహించాల్సింది ఇదే. మామూలు రోజుల్లో కృష్ణమ్మ ఒకటి రెండు పాయలుగా పారుతుంది. మిగతాదంతా ఇసుక. కార్తీకంలో వనభోజనాలకు వెళ్లినా, గుడారం వేసుకుని చుక్కలు చూద్దామని వెళ్లినా మనం ఏరికోరి ఎంచుకునేది పాయల మధ్య ఎత్తుగా, పొడిగా, శుభ్రంగా ఉండే మేటనే. ఎండిన పాయను దాటి అక్కడికి చేరతాం. ఏరు పెరిగినప్పుడు మొదట నిండేది పల్లం, అంటే మనం దాటి వచ్చిన ఆ ఎండు పాయే. మన కళ్లు ఎదురుగా ఉన్న ప్రవాహం మీద ఉంటాయి. నీళ్లు వీపు వెనక చేరతాయి. కాళ్లు తడిసేసరికి తిరుగుదారి ఎప్పుడో మునిగి ఉంటుంది.

వాన పడుతుంటే జాగ్రత్తపడతాం కదా అంటారు కొందరు. నెత్తిన పడే వానతో దీనికి పెద్దగా సంబంధం లేదు. విజయవాడ దగ్గర కృష్ణలోకి నీరు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఎగువన పులిచింతల గేట్లు ఎత్తినప్పుడు. అది ముందుగా చెప్పి చేసే పని, విన్నవాడికి వ్యవధి ఉంటుంది. రెండోది మున్నేరు, వైరా, కట్టలేరు లాంటి ఏర్లు తెచ్చే నీరు. ఇవి పులిచింతలకు దిగువన కలుస్తాయి కాబట్టి ఆ గేట్లకు వీటి మీద అదుపు లేదు. 2023 జూలై చివర్లో నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు జాతీయ రహదారి మీదికి వచ్చి విజయవాడ, హైదరాబాద్ మధ్య రాకపోకలు ఆపేసింది. ఆ ఏటికి ఎగువన ఖమ్మం వైపు అర్ధరాత్రి కురిసిన వాన ఇక్కడ తెల్లవారాక, నిర్మలమైన ఆకాశం కింద, వరదగా దిగొచ్చు.

వాన మొదలైన ఆరు గంటల లోపు విరుచుకుపడేదాన్ని శాస్త్రజ్ఞులు మెరుపు వరద అంటారు. అది అంత హఠాత్తుగా పెరగడానికి కారణం లోతు. నీరు లోతయ్యేకొద్దీ నేల ఒరిపిడి ప్రభావం తగ్గి వేగం పెరుగుతుంది. వెనక వస్తున్న లోతైన నీరు ముందు పోతున్న పలుచటి నీటిని అందుకుంటుంది. దాంతో వరద ముఖం నిటారుగా తయారవుతుంది. అందుకే ఏరు ఎక్కేటప్పుడు గబగబా ఎక్కుతుంది, దిగేటప్పుడు తాపీగా దిగుతుంది. అప్పటికే చెమ్మ నిండిన నేల మీద వాన పడితే ఇంకేం ఇంకదు, వచ్చిందంతా ఏటి పాలే.

గేట్ల నీటికైతే వాన కూడా అక్కర్లేదు. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టుకు దిగువన, హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు బండరాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన వదిలిన నీరు మీదికొచ్చింది. 24 మంది విద్యార్థులు, వాళ్లతో ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు.

బ్యారేజీ ఉంది కదా, ఆపుకుంటుందిలే అనే ధీమా బెజవాడ వాళ్లలో నాకు తరచూ కనిపిస్తుంది. లెక్క చూద్దాం. ప్రకాశం బ్యారేజీలో పట్టేది 3.07 టీఎంసీలు. 2024 సెప్టెంబరు 2న దాన్ని దాటిన ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. అంటే సెకనుకు 32 వేల టన్నుల పైచిలుకు నీరు. ఆ లెక్కన ఖాళీ బ్యారేజీ అయినా ముప్పావు గంటలో నిండిపోతుంది. 45.77 టీఎంసీల పులిచింతలకైతే పదకొండు గంటలు. బ్యారేజీ పని నీటి మట్టం పెంచి కాల్వలకు మళ్లించడం. వరదను దాచుకోవడం దాని వల్ల అయ్యే పని కాదు.

అదే సమయంలో ఊరికి రెండో పక్క బుడమేరు వాగు ఏం చేసిందో చెప్పకుండా ఉండలేను. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర దాని నీటిని మళ్లింపు కాల్వ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలుపుతారు. కృష్ణ నిండుగా ఉంటే ఆ కాల్వ నీరు పోలేక ఎగదన్నుతుంది. గట్లకు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1, ఆదివారం నాటికి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్లలో ఉన్నాయి. ఆహార పొట్లాలు డ్రోన్లతో అందించాల్సి వచ్చింది. సైన్యం కూడా వచ్చి చెయ్యి వేశాక 7వ తేదీకి గండ్లు పూడాయి. నదిలోకి వెళ్లకపోయినా నది ఇంటికొచ్చిన సందర్భం అది. అక్కడా అంతే, డాబా ఎక్కి కూర్చున్నవాళ్ల కాళ్ల కింద వీధి ముందే పోయింది.

మోకాటి లోతే కదా, దాటేద్దాం అనిపించే క్షణం ఒకటి వస్తుంది. ఎక్కువ ప్రాణాలు పోయేది అక్కడే. నీటి తోపుడు వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. సెకనుకు రెండు మీటర్ల వేగంతో వచ్చే మోకాటి లోతు నీరు కాళ్లను దాదాపు 30 కిలోల బలంతో అడ్డంగా నెడుతుంది. పైగా ఇసుక నిలవదు. మంగినపూడి బీచ్‌లో అల వెనక్కి పోయేటప్పుడు మడమల కింద ఇసుక జారడం గుర్తుందా? ఇక్కడ అది ఆగకుండా జరుగుతుంది. ఇసుక తవ్విన గోతులు నీటి కింద కనబడవు. అడుగున్నర, రెండడుగుల నీటికే కారు తేలుతుంది.

కాబట్టి గుడారం వేసే ముందు ఒడ్డు తుమ్మ చెట్ల కొమ్మలు చూడండి. చిక్కుకున్న ఎండుగడ్డి, ప్లాస్టిక్ సంచులు ఏ ఎత్తున ఉన్నాయో పోయిన వరద ఆ ఎత్తున పోయింది. మీ పడక దానికి పైన ఉండాలి, ఒడ్డు పక్కనే ఉండాలి. నీటి అంచున ఓ పుల్ల గుచ్చండి. మేట మీదే ఉన్నారా, రెండో పుల్ల వెనక పాయలో. పుల్ల మునుగుతున్నా, తేట నీరు బురదరంగు తిరిగినా, గుర్రపుడెక్క, పుల్లాపుడకా ఎక్కువగా కొట్టుకొస్తున్నా సామాను వదిలేసి కదలాలి. దారి పోయిందంటే దాటే ప్రయత్నం వద్దు, ఉన్నంతలో ఎత్తైన చోట నిలబడి ఫోన్ చేయండి, టార్చి ఊపండి. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు మీది ప్రకాశ్‌నగర్ వంతెనపై చిక్కుకున్న తొమ్మిది మంది అక్కడే ఆగారు. ఒక జేసీబీ డ్రైవరు తెగించి వెళ్లి తెచ్చాడు. నీళ్లలో పడనే పడితే వెల్లకిలా తేలుతూ, పాదాలు వాలు వైపు పెట్టి, ఐమూలగా ఒడ్డుకు జరగాలి.

చివరగా ఒక మాట. బ్యారేజీ వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు. అవి లంక గ్రామాలను దృష్టిలో పెట్టుకున్న అంకెలు. ఇసుక మేట మునగడానికి అందులో కొద్ది భాగం చాలు. మైకు మోగలేదు కదా అని నదిలో పడుకోకండి. వెళ్లే ముందు పులిచింతల విడుదల ఎంతో, మున్నేరు ఎలా ఉందో రేవులో చేపలు పట్టేవాళ్లనైనా అడగండి. 112, 1070 అత్యవసర నంబర్లు ఫోన్‌లో ఉంచుకోండి.