ఇంటర్నెట్ ఆగిందా? లాప్‌టాప్‌లో చెక్‌పోస్టు చూడండి!

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంట్లో ఫోన్లు, టీవీ అన్నీ చక్కగా పనిచేస్తూ ఒక్క లాప్‌టాప్‌లోనే ఇంటర్నెట్ రాకపోతే మోడెంను తిట్టి లాభం లేదు. కారణం చాలావరకు ఆ లాప్‌టాప్ లోపలే ఉంటుంది.

నెట్‌వర్కింగ్ చదివే మన పిల్లలకు బాగా పరిచయమైన సాఫ్ట్‌వేర్ వైర్‌షార్క్. 1998లో జెరాల్డ్ కూంబ్స్ ఎథీరియల్ పేరుతో విడుదల చేసిన దీనికి 2006లో ఈ పేరు వచ్చింది. ఈమెయిలైనా, అమ్మమ్మతో వీడియో కాల్ అయినా చిన్న చిన్న ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా చూపించడమే వైర్‌షార్క్ పని.

ఇందుకోసం విండోస్‌లో ఎన్‌పీక్యాప్ అనే డ్రైవర్ కూడా కావాలి. పూర్వం ఈ పని విన్‌పీక్యాప్ చేసేది. ఇటలీలోని టొరినోలో పుట్టిన ఆ డ్రైవర్‌కు 2013 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. పాత లాప్‌టాప్‌లో అది ఇంకా ఉంటే తీసేయడం మంచిది.

ఎన్‌పీక్యాప్ నెట్‌వర్క్ కార్డుకీ విండోస్‌కీ మధ్య ఫిల్టర్‌లా కూర్చుంటుంది. ఊరి పొలిమేరలో చెక్‌పోస్టు లాంటిదన్నమాట! వచ్చే లారీ, పోయే లారీ దాన్ని దాటాల్సిందే. కాపలాదారు లెక్క రాసుకుని వదిలేస్తున్నంతకాలం ఇబ్బంది లేదు. గేటు ఇరుక్కుపోతే మాత్రం రోడ్డంతా బంద్. ఇన్‌స్టలేషన్ సగంలో ఆగినా, వీపీఎన్, యాంటీవైరస్‌ల ఫిల్టర్లతో పొసగకపోయినా ఇలా జరగవచ్చు. వైఫై గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు.

అప్పుడేం చేయాలి? కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్లు తెరవండి. వైఫై మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. జాబితాలో ఎన్‌పీక్యాప్ ప్యాకెట్ డ్రైవర్ పక్కనున్న టిక్కు తీసేయండి. నెట్ వచ్చిందా? ఆచూకీ దొరికినట్టే! ఎన్‌పీక్యాప్‌ను అన్ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, కొత్త వెర్షన్ వేసుకోండి. వైర్‌షార్క్ ఒక్కదాన్నే తీసేస్తే చాలదు. ప్రోగ్రాంల జాబితాలో ఎన్‌పీక్యాప్ వేరుగా ఉంటుంది.

అప్పటికీ రాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. దానివల్ల దాచుకున్న వైఫై పాస్‌వర్డులు పోతాయి కనుక ముందే రాసి పెట్టుకోండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే మీరు చెయ్యి పెట్టకుండా వాళ్ల ఐటీ విభాగానికే చెప్పండి.

ఒకసారి నెట్ పోయిందని పిల్లల్ని కసరకండి. తెరవెనుక ఏం జరుగుతోందో చూడాలన్న కుతూహలమే రేపు వాళ్లకు అన్నం పెట్టే విద్య కావచ్చు. సొంత ఇంటి ప్యాకెట్లే చూడాలి, బడిలోనో పక్కింట్లోనో అనుమతి లేకుండా తొంగిచూడకూడదు అని మాత్రం గట్టిగా చెప్పండి. కొత్త లాప్‌టాప్ కొనే ముందు, ఆ పిల్లల్నే పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఒక్క టిక్కు తీసి చూడండి!