"ఒక స్పూన్" అంటే ఎంత?



వానలు మొదలయ్యాక మా క్లాసులో రోజూ ఇద్దరు ముగ్గురు పిల్లలు బ్యాగులో మందు సీసా పెట్టుకుని వస్తుంటారు. డైరీలో అమ్మ రాసిన చీటీ ఉంటుంది. మొన్న ఒక చీటీలో ఇలా ఉంది: "మిస్, లంచ్ తర్వాత ఒక స్పూన్ ఇవ్వండి." సీసాకి కొలత మూత లేదు. బాబు లంచ్ బాక్సులో పులిహోర తినే స్టీలు స్పూను మాత్రం ఉంది. అది పట్టుకుని రెండు నిమిషాలు అలాగే నిలబడిపోయాను. ఫోన్ చేస్తే ఆ అమ్మగారు, "ఐదు ఎం.ఎల్. అండీ, ఇంట్లో చిన్న స్పూనుతో పోస్తాం" అన్నారు. ఆ చిన్న స్పూను ఎంత చిన్నదో నాకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. చివరికి బాబు నాన్నగారు మెడికల్ షాపులో సిరంజి కొని తెచ్చిచ్చి వెళ్లారు.

ఆ తర్వాత కుతూహలం కొద్దీ ఈ విషయం మీద చదివాను. మందు సరిగ్గా రాయడం, సరిగ్గా ఇవ్వడం, సరిగ్గా కొలవడం మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్న ఆసుపత్రి ఫార్మసిస్టులు, డాక్టర్లు ఉన్నారు. వాళ్లు కనిపెట్టినవాటిలో మన ఇళ్లకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి.

ముందు స్పూను సంగతి. గ్రీసు దేశంలో ఏథెన్స్ ఉన్న అటికా ప్రాంతంలో 25 ఇళ్ల నుంచి టీస్పూన్లు, టేబుల్ స్పూన్లు సేకరించి ఒక్కోదాంట్లో ఎంత పడుతుందో కొలిచారు. 2010లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 71 టీస్పూన్లలో అతి చిన్నదాంట్లో 2.5 ఎం.ఎల్., అతి పెద్దదాంట్లో 7.3 ఎం.ఎల్. పట్టింది. అంటే రెండూ "ఒక స్పూనే" అయినా, ఒక ఇంట్లో పిల్లకి పడే మందుకి దాదాపు మూడు రెట్లు ఇంకో ఇంట్లో పిల్లకి పడుతుంది.

సరే, సీసాతో వచ్చే కొలత మూత వాడితే సరిపోతుందా? 2016లో అమెరికాలో డాక్టర్ షోనా యిన్ బృందం 2,110 మంది తల్లిదండ్రుల చేత మందు కొలిపించి చూసింది. ఒక్కొక్కరూ తొమ్మిదిసార్లు కొలిచారు. వారిలో 84 శాతం మంది కనీసం ఒక్కసారైనా 20 శాతానికి మించి తేడాతో పోశారు. 21 శాతం మంది కనీసం ఒకసారి రెట్టింపు కంటే ఎక్కువ పోశారు. మూతతో కొలిచినప్పుడు జరిగిన తప్పులు సిరంజితో కంటే చాలా ఎక్కువ, అందులోనూ చిన్న డోసులకి. కారణం తేలికే. మూత వెడల్పుగా ఉంటుంది, గీత దగ్గర మందు కాస్త పైకి కనిపించినా లోపల చాలా తేడా వస్తుంది. దాన్ని చేత్తో పైకెత్తి వాలుగా చూస్తే తేడా ఇంకా పెరుగుతుంది. సిరంజి సన్నగా ఉంటుంది కాబట్టి అదే తేడా అందులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సూది లేని నోటి సిరంజి పెద్ద ఖరీదు కూడా కాదు. మూతే వాడాల్సి వస్తే టేబుల్ మీద పెట్టి, కంటికి సమానంగా వంగి చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొలత ఎంత కచ్చితంగా ఉన్నా తప్పు జరిగే చోటు ఇంకొకటి ఉంది. ఎం.ఎల్. అనేది ద్రవం ఎంతో చెబుతుంది. అందులో మందు ఎంతుందో చెప్పేది ఎం.జి. పిల్లల జ్వరానికి మనందరి ఇళ్లలో ఉండే పారాసెటమాల్ సిరప్ మన షాపుల్లో ఒకే రకం కాదు. 5 ఎం.ఎల్.లో 120 లేదా 125 ఎం.జి. ఉండేది ఒకటి, 5 ఎం.ఎల్.లో 250 ఎం.జి. ఉండేది ఇంకొకటి. చంటిపిల్లల డ్రాప్స్‌లో అయితే ఒక్క ఎం.ఎల్.లోనే 100 ఎం.జి. ఉంటుంది. అట్టపెట్టెలు చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

పారాసెటమాల్ డోసు పిల్లల బరువును బట్టి ఉంటుంది: కిలోకి 10 నుంచి 15 ఎం.జి., డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలు. 18 కిలోల పాపకి 180 నుంచి 270 ఎం.జి. అన్నమాట. ఇంట్లో 120 రకం సీసా ఉంటే 10 ఎం.ఎల్.లో 240 ఎం.జి. వస్తుంది, సరిపోతుంది. "మా పాపకి పది ఎం.ఎల్." అని అమ్మకి అలవాటైపోయింది. సీసా అయిపోయింది. ఈసారి నాన్న తెచ్చింది 250 రకం. అదే పది ఎం.ఎల్. పోస్తే 500 ఎం.జి. ఇచ్చినట్టు, అంటే కిలోకి 28 ఎం.జి. దాకా. అదీ రోజుకి నాలుగుసార్లు, రెండు మూడు రోజులు! పారాసెటమాల్ ఎక్కువైతే దెబ్బ తినేది లివర్. మొదటిరోజు పిల్లలు మామూలుగానే కనిపించవచ్చు, మహా అయితే వాంతులు. అందుకే ఇది మోసం చేస్తుంది.

తిరకాసు రెండోవైపు కూడా ఉంది. అదే పాపకి 120 రకం 5 ఎం.ఎల్. మాత్రమే పోస్తే కిలోకి ఏడు ఎం.జి. కూడా పడదు. జ్వరం దిగదు. "ఈ మందు పని చేయట్లేదు" అని గంట తిరక్కుండా ఇంకోసారి పోస్తాం, లేదా ఇంకో బ్రాండు తెస్తాం. ఆ ఇంకో బ్రాండు జలుబు సిరప్ అయితే, అందులోనూ పారాసెటమాల్ కలిసి ఉండవచ్చు. అట్ట మీద పెద్ద అక్షరాల పేరు కంపెనీ పెట్టుకున్నది. కింద చిన్న అక్షరాల్లో ఉండేదే మందు పేరు. దయచేసి చిన్న అక్షరాలు చదవండి. (జలుబు, దగ్గు సిరప్‌ల మాట వచ్చింది కాబట్టి: రెండేళ్లలోపు పిల్లలకి అవి రాయకూడదని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయమని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ చెప్పింది. అన్నకి రాసిన దగ్గు మందు చెల్లికి పోసే అలవాటు మన ఇళ్లలో చాలా ఉంది.)

ఇంగ్లిష్ టీచర్‌గా నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన పరిశోధన వేరే ఉంది. 2006లో అమెరికాలో 395 మంది రోగులకి మందు లేబుళ్లు చదవమని ఇచ్చారు. "రెండు మాత్రలు రోజుకి రెండుసార్లు" అని ఇంగ్లిష్‌లో ఉన్న లేబుల్‌ని, చదవడం తక్కువ వచ్చినవారిలో కూడా 71 శాతం మంది సరిగ్గానే అప్పజెప్పారు. "మరి రోజుకి ఎన్నో లెక్కపెట్టి చూపించండి" అంటే నాలుగు చూపించింది వారిలో 35 శాతం మందే. నాకు వెంటనే మా క్లాసు గుర్తొచ్చింది. పాఠం గడగడా చదివేసి, ప్రశ్న అడిగితే కిటికీలోంచి బయటికి చూసే పిల్లలు ప్రతి సెక్షన్‌లో ఉంటారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో స్పానిష్ లేబుళ్లు పరిశీలిస్తే సగం లేబుళ్లలో తప్పులున్నాయి. ఇంగ్లిష్‌లో ఒకసారి అని అర్థం వచ్చే మాటకి ఉన్న అక్షరాలనే స్పానిష్‌లో చదివితే పదకొండు అని అర్థం!

మన చీటీల్లోనూ ఇలాంటివి తక్కువేం కాదు. ఓ.డి. అంటే రోజుకి ఒకసారి, బి.డి. అంటే రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు. ఎస్.ఓ.ఎస్. అంటే ఆపదలో వాడేదని చాలామంది అనుకుంటారు. అది లాటిన్ మాట, అవసరమైతేనే వాడమని అర్థం. జ్వరం లేకపోయినా టైమ్ ప్రకారం పోయక్కర్లేదు. దశాంశ బిందువు ఇంకా ప్రమాదం. 0.5 రాయాల్సిన చోట సున్నా వదిలేసి చుక్క పెట్టి 5 రాస్తే, ఆ చుక్క కనిపించకపోతే డోసు పది రెట్లవుతుంది.

ఆసుపత్రుల్లో ఈ తప్పులు పట్టుకోవడానికి ఏం చేశారంటే, ఫార్మసిస్టుని కౌంటర్ వెనక నుంచి వార్డులోకి తీసుకొచ్చారు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఐ.సి.యు.లో డాక్టర్లతో పాటు ఫార్మసిస్టు రౌండ్స్‌కి వెళ్లడం మొదలుపెట్టాక, మందులు రాయడంలో పొరపాట్ల వల్ల జరిగే హాని 66 శాతం తగ్గిందని 1999లో ప్రకటించారు. పిల్లల వార్డుల మీద 2001లో వచ్చిన మరో అధ్యయనం, హాని చేయగల పొరపాట్లు పెద్దవారి కంటే పిల్లల విషయంలో మూడు రెట్లు ఎక్కువని తేల్చింది. పిల్లలకి ప్రతి డోసూ బరువు చూసి లెక్కకట్టాలి కదా మరి.

మన ఇంటికి రౌండ్స్‌కి వచ్చేవారు లేరు. కానీ మెడికల్ షాపులో ఫార్మసిస్టు ఉంటారు. "మా బాబు ఇరవై కిలోలు, ఈ సీసాతో ఎన్ని ఎం.ఎల్.?" అని అడగండి. వెనక క్యూ ఉన్నా అడగండి. డాక్టరుగారి దగ్గర "మీరు చెప్పింది ఒకసారి నేను చెప్తాను, సరిచూడండి" అనడానికి మొహమాటపడకండి. డోసు ఎక్కువైందని అనుమానం వస్తే పిల్లలు బాగానే ఉన్నారు కదా అని తెల్లారేదాకా ఆగకుండా, సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. పారాసెటమాల్‌కి విరుగుడు ఉంది, అది మొదటి ఎనిమిది గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. ఏదైనా మందు పడక దద్దుర్లు వంటివి వస్తే ముందు డాక్టరుకి చూపించండి. ఆ తర్వాత 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం వారి టోల్ ఫ్రీ నంబరు అది.

క్లాస్ టీచర్ల తరఫున ఒక మనవి. మధ్యాహ్నం డోసు తప్పనిసరా, బడికి ముందూ తర్వాతా సరిపోతుందా అని ముందుగా డాక్టరుని అడగండి. తప్పనిసరైతే డాక్టరు చీటీ ఫోటో, సిరంజి, మందు సీసా అట్టపెట్టెతో సహా పంపండి. డైరీలో మందు పేరు, 5 ఎం.ఎల్.లో ఎన్ని ఎం.జి., ఇవ్వాల్సింది ఎన్ని ఎం.ఎల్., ఇంట్లో ఆఖరిసారి ఇచ్చింది ఎన్ని గంటలకి, ఈ నాలుగూ రాయండి. ఆ నాలుగో మాట మీరు రాయకపోతే మాకు తెలిసే దారి లేదు. ఏడేళ్ల పిల్లల్ని అడిగితే "పొద్దున తాగాను మిస్" అని కొందరు, "తాగలేదు మిస్" అని కొందరు, "చేదుగా ఉంది మిస్" అని కొందరు అంటారు.