వామి తరిగాక చెట్టే దిక్కు

పాలు పల్చగా ఉన్నాయని పాలామెతో రోజూ వాదన వేసుకుంటాం గానీ, ఏప్రిల్, మే నెలల్లో ఆ ఆవుకి ఆమె ఏం పెడుతోందో ఎప్పుడైనా అడిగామా? మదనపల్లెలో ఉండే నాకు ఆ సంగతి, తంబళ్లపల్లె పక్క పల్లెలో మా చిన్నత్తగారింట్లో ఒక వేసవిలో నాలుగు రోజులున్నప్పుడు తెలిసింది.

అటువైపంతా వాన మీద ఆధారపడ్డ చేలే. వేరుశనగ బాగా పండిన ఏడు కట్టె వామి నిండుగా ఉంటుంది. వాన మొహం చాటేసిన ఏడు కాయా లేదు, కట్టే లేదు. గడ్డి కొందామంటే పాల డబ్బంతా దానికే పోతుంది. పోనీ ఆవునే అమ్మేద్దామా అంటే, ఆ నెలల్లో సంతకు అందరూ తోలేవాళ్లే! ధర పలకదు. ఆవు పోయినా దాని మీది అప్పు మాత్రం ఇంట్లోనే ఉంటుంది. అందుకే తొలకరిదాకా గొడ్డును నిలబెట్టే భారం చెట్టు మీదా, ఆ ఇంటి ఇల్లాలి మీదా పడుతుంది.

తెల్లారేసరికి అత్త దోటి భుజాన వేసుకుని బయల్దేరేది. పొడవాటి వెదురు, దాని చివర కొడవలి. ఆవుకి రావి, జువ్వి, గట్టు మీది అవిసె. మేకలకైతే వేప, తుమ్మ, రేగు, ఏదైనా సరే. ఒక్క నీలగిరి ఆకుని మాత్రం మేక కూడా ముట్టదు. హార్సిలీ కొండ మీద మనం ముచ్చటపడి చూసే చెట్లు మేకలామెకు ఎందుకూ పనికిరావన్నమాట!

ఆకుమేత అంటే గతిలేక పెట్టేదని తీసిపారేయకండి. ఎండు వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లే. సుబాబుల్ ఆకును ఎండబెట్టి చూస్తే 20 పాళ్ల పైనే ఉంటాయి. అలాగని అదే మేపితే ముప్పు. అందులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంది. మొత్తం మేతలో మూడో వంతు మించనివ్వకూడదు. గుర్రాలకూ గాడిదలకూ అసలే వద్దు, వెంట్రుకలు రాలిపోతాయి. ఆస్ట్రేలియాలో ఈ ఆకు తిని పశువులు జబ్బుపడుతుంటే, హవాయి దీవుల్లో మేకలు అదే తిని నిక్షేపంలా ఉన్నాయట. వాటి కడుపులోని సూక్ష్మజీవులే విషాన్ని విరిచేస్తున్నాయని 1980లలో శాస్త్రజ్ఞులు తేల్చారు. గ్లిరిసీడియా వాసన కొత్తలో పశువుకు గిట్టదు. కోసి ఒక పూట వాడబెట్టి, వేరే మేతలో కొంచెం కొంచెం కలిపి అలవాటు చేయాలి.

కొట్టడంలోనూ అత్తకో పద్ధతి ఉంది. ఈ ఏడు ఒక పక్క కొమ్మలు, వచ్చే ఏడు ఇంకో పక్కవి. తల జోలికి పోదు. పక్కింటి కుర్రాడు గొడ్డలితో చెట్టెక్కబోతే కేకలేసింది: "ఒరే, దాన్ని మోడు జేస్తే వచ్చే ఎండాకాలం నీ గొడ్డుకి ఏం బెడ్తావురా?"

చేని చివర ఉన్న తుమ్మచెట్లను బొగ్గుకి అమ్మేద్దామని మామగారు రెండుసార్లు బేరం మాట్లాడారట. మగవాళ్ల కంటికి చెట్టంటే కలప. రాలిన కాయలు ఏరి మేకలకు పోసే ఆవిడకు అది నాలుగు నెలల దాణా. ఎండాకాలమంతా దాణా కొంటే ఎంతవుతుందో అత్త వేళ్ల మీద లెక్కగట్టి చెప్పింది. బేరగాడు ఇస్తానన్న సొమ్ము ఆ లెక్కలో సగం కూడా లేదు.

చెట్లు ఇంకా ఉన్నాయి. పొలం కాగితాలు మాత్రం మామగారి పేరనే ఉన్నాయి. మూడోసారి బేరగాడొస్తే ఏం చేస్తావత్తా అని అడిగాను. "నేను ఇంట్లో ఉన్నప్పుడు రమ్మను" అంది, దోటికి తాడు బిగిస్తూ.