అచ్చం నాన్నే!

పొద్దుగూకే వేళ మిరప చేను గట్టున నడుస్తుంటే ఎవరో నిలబడి మనవైపే చూస్తున్నట్టుంటుంది. ‘ఎవరదీ?’ అని కేకేస్తాం. జవాబు రాదు. నాలుగడుగులు వేశాక తెలుస్తుంది, అది దిష్టిబొమ్మ అని. రెండు కర్రలు, బోర్లించిన కుండ, సున్నంతో దిద్దిన కళ్లు, ఇంట్లో ఎవరిదో పాత చొక్కా. నవ్వుకుని ముందుకెళ్తాం. ఆ చొక్కా కిందటేడు పోయిన పెదనాన్నదైతే మాత్రం నవ్వు రాదు. అది ఉత్త కుండేనని తెలిసినా కాళ్లు కాసేపు కదలవు.

ఆ చొక్కాకు ముఖం కూడా వస్తే? చర్మం, ముడతలు, చెంప మీద పుట్టుమచ్చ, నెరిసిన మీసంలో ఒక్కో వెంట్రుకా? అలాంటి శిల్పకళను ప్రపంచం హైపర్‌రియలిజం అంటోంది. మన ఇళ్లకు అది ఆర్ట్ గ్యాలరీల దారిన రాలేదు. పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ పిలిస్తే వచ్చింది.

2022లో ఊరూవాడా ఫోన్లలో తిరిగిన వరంగల్ పెళ్లి వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొవిడ్‌తో పోయిన తండ్రి బొమ్మను ఓ అన్న చెల్లెలి పెళ్లికి తెప్పించాడు. కర్ణాటకలో ఏడాదికి పైగా పట్టిందట చేయడానికి. బొమ్మ వేదిక మీదకు రాగానే తల్లీ కూతుళ్లు కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. అంతకు ముందు, 2020 ఆగస్టులో, కర్ణాటకలోని కొప్పళలో ఒకాయన కొత్తింట్లోకి అడుగుపెడుతూ భార్య బొమ్మను సోఫాలో కూర్చోబెట్టాడు. ఆమె 2017లో తిరుపతికి వెళ్తుండగా రోడ్డు ప్రమాదంలో పోయింది. ఆ బొమ్మ చేసింది బెంగళూరు శిల్పి శ్రీధర్ మూర్తి. మైనం వద్దని సిలికాన్ ఎంచుకోవడానికి కారణం వేడి. ఇంట్లో రాత్రింబవళ్లు ఏసీ నడపాల్సిన అవసరం లేకుండా ఉండాలి కదా! కొప్పళ సంగతే అలా ఉంటే, మన రెంటచింతల ఎండలో మైనం బొమ్మ గతేమిటో చెప్పక్కర్లేదు.

పని మట్టితో మొదలవుతుంది. మట్టి ముఖం కుదిరాక అచ్చు తీస్తారు, అచ్చులో రంగు కలిపిన సిలికాన్ పోస్తారు. పైన నరాల నీలం, బుగ్గల ఎరుపు పలచగా పొరలు పొరలుగా వేస్తారు. వెంట్రుకలు సూదితో ఒక్కొక్కటీ గుచ్చుతారు. ఇదంతా ఓపిక ఉంటే నేర్చుకునే పనే. అసలు కష్టం మట్టి దగ్గరే, ఇంటివాళ్లు వచ్చి చూసినప్పుడు ఉంటుంది. ‘బాగుందండీ, కానీ మా నాన్న కాదు’ అంటారు. ఏం మార్చాలో చెప్పలేరు. పెదవి కాస్త పక్కకు లాగాలా, కుడి కన్ను కొంచెం చిన్నది చేయాలా? చివరికి ఇంటివాళ్లు గుర్తుపట్టేది అందాన్ని కాదు, వంకరని. ఆ వంకర దొరికిన నిమిషాన బొమ్మ నాన్నవుతుంది.

శిల్పులకు మన దగ్గర కొదవ లేదు. తెనాలి శిల్పశాలల నుంచి బొమ్మలు ఊరూరికీ పోతాయి. కూడలిలో బంగారు రంగు పూసుకుని చెయ్యెత్తిన నాయకుల్లో కొందరిని కింద పేరు చదివితే తప్ప పోల్చుకోలేమన్నది వేరే సంగతి. ఆ తెనాలిలోనే సూర్య శిల్పశాల కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర తండ్రీకొడుకులు 2021లో పాత ఇనుప నట్లు, బోల్టులతో 14 అడుగుల మోదీ విగ్రహం చేశారు. దానికి చర్మమూ లేదు, వెంట్రుకా లేదు. అయినా చూడగానే ఎవరో తెలిసిపోతుంది. పోలిక ఒకటి, ప్రాణం ఉన్నట్టుండటం ఒకటి.

ఆ రెండో దాని కోసమే జీవితాలు ధారపోసిన వాళ్లున్నారు. అమెరికా శిల్పి డ్యువాన్ హాన్సన్ మామూలు మనుషులను, పర్యాటకులను, చీపురు బండి తోసే పనిమనిషిని నిజం బట్టలు తొడిగి గ్యాలరీలో నిలబెట్టాడు. బొమ్మల తయారీదారుల ఇంట పుట్టిన ఆస్ట్రేలియా శిల్పి రాన్ మ్యూక్ చనిపోయిన తన తండ్రి బొమ్మను 1997లో లండన్‌లో ప్రదర్శించాడు. నేల మీద వెల్లకిలా పడుకున్న ఆ బొమ్మ పొడవు మీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. దానికి పెట్టిన వెంట్రుకలు మ్యూక్‌వే. నిలువెత్తు చేసి ఉంటే చూసి పక్కకు తప్పుకునేవాళ్లం. చిన్నపిల్లాడంత చేశాడు కాబట్టి వంగి చూస్తాం. నాకు ఈ తరహా పనిలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ కొలతే.

జపాన్ ఆచార్యుడు మసాహిరో మోరి 1970లో ఒక మాట చెప్పాడు. బొమ్మ మనిషిని పోలే కొద్దీ మనకు దగ్గరవుతుంది, పోలిక పూర్తి కావడానికి కొంచెం ముందు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. దీన్ని ఒక గీతగా గీసి, అది కిందికి పడిపోయే ఆ చోటుకు ఆయన లోయ అని పేరుపెట్టాడు. లోయ అడుగున శవాన్ని పెట్టాడు. అలాగైతే కొప్పళ ఇంట్లో, వరంగల్ పెళ్లిలో అందరూ జడుసుకోవాలి. పక్కింటివాళ్లు జడుసుకుని ఉండొచ్చు. సొంతవాళ్లు మాత్రం ఆ బొమ్మ పక్కన కూర్చుని ఫొటో దిగారు. లోయ పరాయివాడికే ఉంటుంది, బంధుత్వం దాన్ని పూడ్చేస్తుంది. మోరి గీసిన గీతలో చుట్టరికానికి చోటు లేదు.

తెనాలి పక్కన బుర్రిపాలెం మూలాలున్న మహేశ్‌బాబు మైనపు బొమ్మను 2019 మార్చి 25న సింగపూర్ మేడమ్ టుస్సాడ్స్ వాళ్లు హైదరాబాద్ తెచ్చారు. అది సెల్ఫీల పండగ. బతికున్న మనిషి బొమ్మతో సరదా పడతాం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సంగతి వేరు. కొత్తపేట శిల్పి రాజ్‌కుమార్ వుడయార్‌కు ముందు తల్లిదండ్రుల విగ్రహాలు పురమాయించి, తర్వాత తనదీ చేయమన్నారు. లాక్‌డౌన్ వల్ల వెళ్లలేక ఫొటోలు పంపారు. 2020 సెప్టెంబర్ 25న ఆయనే లేకుండా పోయారు. ఆ విగ్రహాన్ని ఇప్పుడు ఎవరైనా మామూలుగా చూడగలరా?

నాకొక్క అనుమానం ఉంది. మన పెద్దలు పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం అని మెట్లు కట్టి పోయినవాళ్లను మెల్లగా సాగనంపారు. సిలికాన్ బొమ్మ సోఫా దిగదు. దానికి దుమ్ము దులపాలి, పండక్కి చీర మార్చాలి. పదేళ్ల తర్వాత భర్త ముసలివాడవుతాడు, ఆమె కాదు. పోలేరమ్మకైతే పసుపు పూసిన రాయికి రెండు వెండి కళ్లు అతికిస్తే చాలు, భయమూ భక్తీ వచ్చేస్తాయి. అమ్మ విషయంలో మాత్రం రెండు కళ్లతో సరిపెట్టుకోలేకపోతున్నాం. తప్పని నేను అనను. కానీ మా ఇంట్లో పెట్టుకోను.

అయినా ఒక పని చేసి ఉంచండి. మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఉండేవి ఆధార్ ఫొటో, పాస్‌బుక్ ఫొటో, అన్నీ ఎదురుగా చూసేవే. శిల్పికి ముక్కు ఎత్తు, గడ్డం వాలు తెలియాలంటే అవి చాలవు. ఈ ఆదివారం అమ్మనూ నాన్ననూ వెలుతురులో కూర్చోబెట్టి, రెండు పక్కల నుంచీ చెరొక ఫొటో తీయండి.